పాడి ఆవు ధర పలికే కెమెరా: కొనదగునా?

తిరుపతి: మాఘమాసం ముహూర్తాలు దగ్గర పడేకొద్దీ తిరుపతి, చిత్తూరు జిల్లాల పల్లెల్లో చాలా ఇళ్లలో ఒకే చర్చ నడుస్తుంటుంది. ఇంటర్‌తోనో డిగ్రీతోనో చదువు ముగించిన కుర్రవాడు ఏదో స్టూడియోలో చేరి ఫొటోలు తీయడం నేర్చుకుంటాడు. సొంత కెమెరా ఉంటే పెళ్లిళ్లు తానే ఒప్పుకుంటానని ఇంట్లో అడుగుతాడు. ధర ఎంతని తండ్రి అడిగితే డెబ్బై అయిదు వేలంటాడు. ఆ సొమ్ముకు ఒక మంచి పాడి ఆవు వస్తుందని తండ్రి లెక్క. చివరకు తల్లి పొదుపు సంఘంలో అప్పు తీసుకోవడమో, మెడలోని గొలుసు బ్యాంకుకు చేరడమో జరుగుతుంది.

ఆవుకూ కెమెరాకూ పోలికేమిటని కొందరు నవ్వవచ్చు. కానీ అప్పు చేసి కొనేవాడికి ఈ పోలిక తప్పదు. ఆవు రెండు పూటలా పాలిస్తుంది, ఏటా దూడనిస్తుంది. కెమెరా ముహూర్తాలున్న నెలల్లోనే పని చేస్తుంది. ఆషాఢంలో, భాద్రపదంలో, ధనుర్మాసంలో, మూఢం వచ్చిన రోజుల్లో అది సంచిలోనే పడి ఉంటుంది. వడ్డీకి మాత్రం మూఢమూ లేదు, ఆషాఢమూ లేదు. అందువల్ల మధ్యరకం డి.ఎస్.ఎల్.ఆర్. కెమెరా కొనడం లాభమా, నష్టమా అన్నది ఫొటోగ్రాఫర్లు మాత్రమే తేల్చుకునే విషయం కాదు. రైతు కుటుంబాలు కూడా ఆలోచించవలసిన విషయం.

నాటి డబ్బా కెమెరా నుంచి...

ఒకప్పుడు పల్లెకు ఫొటోగ్రాఫర్ రావడమే ఒక విశేషం. అగ్ఫా క్లిక్ త్రీ డబ్బా కెమెరాలో ఒక రీలు వేస్తే పన్నెండు బొమ్మలే వచ్చేవి. కాస్త పేరున్న స్టూడియోల్లో యాషికా కెమెరాలు ఉండేవి. మన పొరుగునే ఊటీలో 1960లో ఏర్పాటైన హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్ సంస్థ ‘ఇందు’ పేరుతో నలుపు తెలుపు ఫిల్ము, కాగితం తయారు చేసేది. ఆ ఫిల్ముకు కాలం చెల్లింది, ఆ కర్మాగారమూ మూతపడింది. ప్రపంచానికి ఫిల్ము అమ్మిన అమెరికా కంపెనీ కొడాక్ సంగతి మరీ చిత్రం. ఫిల్ము అక్కర్లేని డిజిటల్ కెమెరాను 1975లో ఆ కంపెనీ ఇంజనీరు స్టీవెన్ శాసన్ తయారు చేశాడు. ఆ మార్పును అందిపుచ్చుకోలేక అదే కంపెనీ 2012 జనవరిలో దివాలా పిటిషన్ పెట్టింది. ఈ వ్యాపారంలో కాలం ఎంత త్వరగా తిరగబడుతుందో చెప్పడానికి ఇంతకంటె నిదర్శనం అక్కర్లేదు.

అలాంటి మలుపే ఇప్పుడు డి.ఎస్.ఎల్.ఆర్. కెమెరాకు వచ్చింది. ఈ కెమెరాలో కటకం వెనుక ఒక చిన్న అద్దం ఏటవాలుగా ఉంటుంది. కటకం గుండా వచ్చిన వెలుతురును ఆ అద్దం పైకి మళ్లించి కంటికి చూపిస్తుంది. మీట నొక్కగానే అద్దం పైకి లేస్తుంది, వెనుక ఉన్న సెన్సర్ బొమ్మను పట్టుకుంటుంది. ‘టక్’ మని వినిపించే చప్పుడు అదే. కొత్తగా వస్తున్న మిర్రర్‌లెస్ కెమెరాల్లో ఈ అద్దమే లేదు. సెన్సర్ చూసిన దృశ్యాన్నే చిన్న తెర మీద చూపిస్తాయి. మనిషి కన్ను ఎక్కడుందో తామే వెతికి పట్టుకుని ఫోకస్ చేస్తాయి.

జపాన్ కెమెరా తయారీదారుల సంఘం లెక్కల ప్రకారం 2012లో ఆ కంపెనీలు ప్రపంచమంతటికీ కలిపి సుమారు 1 కోటి 60 లక్షల డి.ఎస్.ఎల్.ఆర్. కెమెరాలు పంపాయి. 2024 నాటికి ఆ సంఖ్య 10 లక్షలకు అటూ ఇటూగా పడిపోయింది. అదే ఏడాది మిర్రర్‌లెస్ కెమెరాలు 56 లక్షల దాకా వెళ్లాయి. నికాన్, కెనాన్ కంపెనీలు రెండూ 2020 తరువాత చెప్పుకోదగ్గ కొత్త డి.ఎస్.ఎల్.ఆర్. తేలేదు. అంటే నేడు అంగట్లో కొత్త పెట్టెలో దొరికే డి.ఎస్.ఎల్.ఆర్. కూడా నమూనాలో పాతదే. నికాన్ డి7500 నమూనా 2017 నాటిది. కెనాన్ 90డి 2019 నాటిది.

పాతదైతే పనికిరాదా?

పాతదైనంత మాత్రాన పనికిరాదనడం సరికాదు. పెళ్లి ఆల్బమ్‌లో ఒక పేజీ సాధారణంగా 12 అంగుళాల ఎత్తు, 18 అంగుళాల వెడల్పు ఉంటుంది. అంగుళానికి 300 చుక్కల చొప్పున స్పష్టంగా అచ్చు వేయాలంటే సుమారు 1 కోటి 94 లక్షల చుక్కలు కావాలి. డి7500 సెన్సర్‌లో 2 కోట్ల 9 లక్షల చుక్కలున్నాయి, 90డి సెన్సర్‌లో 3 కోట్ల 25 లక్షలున్నాయి. కాబట్టి ఆల్బమ్‌కు ఏదైనా చాలు. ఎక్కువ మెగాపిక్సెల్ ఉన్నదే గొప్పదని అంగడివాళ్లు చెప్పే మాటకు పల్లె పెళ్లి ఫొటోగ్రాఫర్ అదనంగా డబ్బు పోయవలసిన పనిలేదు.

ఇక ఫోను ఉండగా కెమెరా ఎందుకన్న ప్రశ్న ఒకటుంది. పట్టపగలు ఆరుబయట తీసిన ఫొటోల్లో ఫోనుకూ కెమెరాకూ తేడా కనిపెట్టడం నేడు చాలామందికి కష్టమే. పుట్టినరోజులు, నామకరణాలు ఇప్పటికే ఫోను చేతికి వెళ్లిపోయాయి. వెలుతురు తగ్గినచోట మాత్రం తేడా తెలుస్తుంది. డి7500 సెన్సర్ 23.5 మిల్లీమీటర్ల వెడల్పు, 15.7 మిల్లీమీటర్ల ఎత్తు ఉంటుంది. మంచి ఫోన్లలోని ప్రధాన సెన్సర్ దాని వైశాల్యంలో ఐదో వంతు దరిదాపుల్లోనే ఉంటుంది. పెద్ద గోళెంలో ఎక్కువ వాన నీరు నిలిచినట్టే పెద్ద సెన్సర్ ఎక్కువ వెలుతురు పట్టుకుంటుంది.

మన జిల్లాల్లో ఫొటో అవసరమయ్యే సందర్భాలు ఎక్కువగా ఇలాంటివేనని గమనించాలి. ముహూర్తాలు తెల్లవారుజామునే వస్తాయి. తిరుపతి తాతయ్యగుంట గంగమ్మ జాతరలో విశ్వరూపం, చెంప నరకడం తెల్లవారకముందే జరుగుతాయి. పల్లెల్లో భారతం జరిగితే నాటకం రాత్రంతా ఆడతారు. అర్జునుడు తపస్సు మాను ఎక్కే ఘట్టాన్ని దూరం నుంచే తీయాలి. దీపాల వెలుతురులో, దుమ్ములో, జనం తోపులాటలో అక్కడ ఫోను చేతులెత్తేస్తుంది. కనుమ నాడు చంద్రగిరి మండలం రంగంపేట పశువుల పండుగలో కొమ్ములకు పలకలు కట్టిన ఎద్దు పరుగెత్తుతూ దూసుకుపోయే క్షణాన్ని పట్టాలంటే సెకనులో వెయ్యో వంతు వేగం కావాలి. సూళ్లూరుపేట దగ్గర నేలపట్టు, పులికాట్ పక్షుల కోసం వెళ్లేవారికి పొడవాటి కటకం ఉంటే తప్ప పని జరగదు. ఈ పనులన్నిటికీ మధ్యరకం డి.ఎస్.ఎల్.ఆర్. నేటికీ సరిపోతుంది.

అసలు లోపం ఎక్కడ?

అంగడివాళ్లు సాధారణంగా నోరు విప్పని లోపం ఒకటుంది. డి7500లో గానీ 90డిలో గానీ మెమరీ కార్డు పెట్టే చోటు ఒక్కటే. అంతకు ముందు 2015లో వచ్చిన నికాన్ డి7200లో రెండు కార్డులు పెట్టే వీలుండేది. రెండు కార్డులుంటే ప్రతి ఫొటో రెండుచోట్ల పడుతుంది. ఒకటి చెడినా రెండోది కాపాడుతుంది. ఒకే కార్డు మీద పెళ్లంతా తీసి ఆ కార్డు చెడితే ఏమవుతుంది? తాళి కట్టే ముహూర్తం మళ్లీ రాదు. పెళ్లికూతురి పక్కన నిలబడిన ముసలి తాత మరుసటి ఏడాది ఉంటాడన్న నమ్మకం లేదు. ఫొటోగ్రాఫర్ బయానా తిరిగి ఇవ్వగలడేమో గాని ఆ ఫొటో ఇవ్వలేడు. ఒక్క పెళ్లి ఇలా చెడితే చుట్టుపక్కల పది ఊళ్లలో అతడికి మళ్లీ పని దొరకదు. పెళ్లిళ్ల కోసమే కొనేవాడు ధర కంటె ముందు కార్డుల సంగతి అడగాలి. ఒక కార్డు కెమెరాయే ఉన్నవారు పెద్ద కార్డు ఒక్కటి కాక చిన్న కార్డులు నాలుగు వాడి, ఘట్టం ఘట్టానికీ మార్చి, భోజనాల వేళకే మరోచోట నకలు తీసుకోవడం మేలు.

రెండో విషయం కటకం. కెమెరాతోపాటు పెట్టెలో వచ్చే కటకంతో సత్రంలో రాత్రి పెళ్లి తీస్తే ముఖాలు చీకటి పడతాయి, లేదా కదిలిపోతాయి. ఎఫ్ 5.6 దగ్గర ఆగిపోయే ఆ కటకం కంటె, 50 మిల్లీమీటర్ల ఎఫ్ 1.8 కటకం పది రెట్లకు కాస్త తక్కువ వెలుతురును లోపలికి తీసుకుంటుంది. దాని ధర పది, పన్నెండు వేలకు మించదు. ముప్పై వేలు పెట్టి కొన్న పాత కెమెరాకు ఈ కటకం తగిలిస్తే, పెట్టెలో వచ్చిన కటకంతో ఉన్న కొత్త ఖరీదైన కెమెరా కంటె రాత్రిపూట మెరుగైన ఫొటో వస్తుంది. డబ్బు ముందు కటకం మీద, ఫ్లాష్ మీద పెట్టి, మిగిలింది కెమెరా మీద పెట్టాలని అనుభవజ్ఞులు చెప్పేది ఇందుకే.

లెక్క చూద్దాం

కెమెరా ఒక్కటి కొంటే పని కాదు. కెమెరా రూ.75,000, జూమ్ కటకం రూ.25,000, 50 కటకం రూ.11,000, ఫ్లాష్ రూ.8,000, కార్డులు, అదనపు బ్యాటరీ, సంచి కలిపి రూ.6,000 అనుకుందాం. మొత్తం రూ.1,25,000 అవుతుంది. డిజిటల్ కెమెరాలపై 28 శాతం ఉన్న జి.ఎస్.టి.ని 2019 జనవరి 1 నుంచి 18 శాతానికి తగ్గించారు. అయినా రూ.75,000 కెమెరాలో సుమారు రూ.11,400 పన్నే ఉంటుంది. జి.ఎస్.టి. రిజిస్ట్రేషన్ లేని పల్లె ఫొటోగ్రాఫర్‌కు ఆ పన్ను తిరిగి వచ్చేది కాదు.

డి7500 షట్టర్‌ను కంపెనీ 1,50,000 సార్లు నొక్కి పరీక్షించింది. పెళ్లికి 2,500 ఫొటోలు తీసినా, ఏడాదికి 20 పెళ్లిళ్లకు 50,000 అవుతాయి. అంటే మూడేళ్లలో ఆ పరీక్ష లెక్క పూర్తవుతుంది. ఆ తరువాత కూడా కెమెరా నడవవచ్చు, కాని నమ్మకం లేదు. ఆయుష్షు మూడేళ్లనే లెక్క వేసుకోవడం క్షేమం.

సొంత డబ్బుతో కొని ఏడాదికి 20 పెళ్లిళ్లు చేసేవాడికి మూడేళ్లలో 60 పెళ్లిళ్ల మీద పరిస్తే, పెళ్లికి పరికరాల ఖర్చు సుమారు రూ.2,080 పడుతుంది. ఇది భరించగల ఖర్చే. ఇప్పుడు రెండో లెక్క చూడాలి. ఊళ్లో నూటికి రెండు రూపాయల వడ్డీకి అప్పు తెస్తే నెలకు రూ.2,500, ఏడాదికి రూ.30,000 వడ్డీ అవుతుంది. అసలు తీర్చకుండా మూడేళ్లు గడిస్తే వడ్డీ రూ.90,000, అసలు వడ్డీ కలిపి రూ.2,15,000. కొత్తవాడు కనుక ఏడాదికి ఆరు పెళ్లిళ్లే దొరికాయనుకుంటే, మూడేళ్లలో 18 పెళ్లిళ్లు. పెళ్లికి దాదాపు రూ.12,000 పరికరాలకూ వడ్డీకీ పోతుంది. ఇక అతడి కూలి ఏది? ఆల్బమ్ అచ్చుకు, సహాయకుడికి, పెట్రోలుకు ఏం మిగులుతుంది?

ఇదే కుర్రవాడు కెమెరా కొనకుండా తిరుపతిలోనో చిత్తూరులోనో అద్దెకు తెచ్చుకున్నాడనుకుందాం. రోజుకు రూ.1,500 చొప్పున, పెళ్లికి రెండు రోజులు, ఆరు పెళ్లిళ్లకు రూ.18,000 అవుతుంది. ఏడాది అద్దె, ఏడాది వడ్డీ కంటె రూ.12,000 తక్కువ. పైగా అసలు అప్పే లేదు. ఆషాఢంలో అద్దె కట్టే పనీ లేదు. ఈ ఒక్క లెక్క ఇంట్లో కాగితం మీద వేసి చూసుకుంటే గొలుసులు కొన్ని తాకట్టుకు వెళ్లకుండా ఆగుతాయి.

పరువు మాటేమిటి?

అద్దె కెమెరాతో వస్తే, చిన్న కెమెరాతో వస్తే పెళ్లివారు లోకువగా చూస్తారని, కెమెరా పెద్దదైతేనే ధర పలుకుతుందని కుర్రవాళ్లు చెప్పే మాటలో కొంత నిజం లేకపోలేదు. డ్రోన్ ఉందా, మిర్రర్‌లెస్ ఉందా, ముందస్తు షూటింగ్ చేస్తారా అని అడిగే పెళ్లివారు పెరిగారు. కానీ ఈ పోటీలో మధ్యరకం డి.ఎస్.ఎల్.ఆర్. కొన్నంత మాత్రాన గెలవలేరన్నదే ఇక్కడ గమనించవలసిన అంశం. ఆ పోటీకి అది చాలదు, చిన్న పనులకు అది ఎక్కువ. పరువు కోసమే కొనేవాడు రెండేళ్లు తిరగకముందే ఇంకొకటి కొనవలసి వస్తుంది. పల్లెలో ఫొటోగ్రాఫర్‌కు పరువు నిలిపేది వేళకు రావడం, పెద్దవాళ్లను ఒక్కరినీ వదలకుండా తీయడం, చెప్పిన రోజుకు ఆల్బమ్ ఇవ్వడం. ఇవి ఏ అంగట్లోనూ దొరకవు.

పాతది కొనేవారికి

పట్టణాల్లో వృత్తి ఫొటోగ్రాఫర్లు మిర్రర్‌లెస్‌కు మారుతున్నందున వారి పాత డి.ఎస్.ఎల్.ఆర్. కెమెరాలు, కటకాలు తక్కువ ధరకు వస్తున్నాయి. నికాన్ ఎఫ్ కటకాల అమరిక 1959 నుంచి, కెనాన్ ఈఎఫ్ అమరిక 1987 నుంచి ఉన్నవే కనుక పాత కటకాలకు కొదవలేదు. రేపు అదే కంపెనీ మిర్రర్‌లెస్ కొన్నా, మధ్యలో ఒక అడాప్టర్ బిగించి చాలా కటకాలను వాడుకోవచ్చు. కాబట్టి మంచి కటకం మీద పెట్టిన డబ్బు వృథా కాదు.

అయితే సంతలో ఎద్దును కొనేటప్పుడు పళ్లు చూసినట్టే దీన్నీ చూడాలి. షట్టర్ ఎన్నిసార్లు నొక్కారో అడిగి, కంప్యూటర్‌లో సరిచూడాలి. కటకంలోకి టార్చి వేసి సాలెగూడులా బూజు ఉందేమో చూడాలి. బ్యాటరీ నిండా ఛార్జి చేసి గంటసేపు తీసి చూడాలి. అసలు బిల్లు లేనిది ఎంత చవకైనా ముట్టుకోకూడదు. దొంగ సొత్తైతే కెమెరా పోతుంది, పరువూ పోతుంది. కొన్న తరువాత వానాకాలంలో గాలి చొరబడని డబ్బాలో తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలు వేసి దాచాలి.

అప్పు తప్పనిసరైతే రెండు రూపాయల వడ్డీకి పోనక్కర్లేదు. 2015 ఏప్రిల్‌లో మొదలైన ముద్ర పథకం కింద చిన్న వృత్తులవారికి తాకట్టు లేకుండా బ్యాంకులు రుణాలిస్తాయి. అందులో శిశు రుణం రూ.50,000 వరకు ఉంటుంది. ఒక పాత కెమెరా, ఒక మంచి కటకం, ఒక ఫ్లాష్‌కు ఆ మొత్తం సరిపోతుంది.

తేలిందేమిటి?

ఏడాదికి ఇరవై పెళ్లిళ్లు చేతిలో ఉండి, సొంత సొమ్ము ఉన్న ఫొటోగ్రాఫర్‌కు మధ్యరకం డి.ఎస్.ఎల్.ఆర్. పనికొచ్చే పనిముట్టే. అయితే కొత్తది కొనే స్తోమత ఉంటే రెండు కార్డులు పట్టే మిర్రర్‌లెస్ కోసం మరికొంత కూడబెట్టుకోవడమే తెలివి. వృత్తిలో అప్పుడే కాలు పెడుతున్నవాడు మొదటి ఏడాది అద్దెకు, రెండో ఏడాది పాతదానికి వెళ్లాలి. పక్షులు, జాతరలు సరదాగా తీసుకునేవారికి పాత డి.ఎస్.ఎల్.ఆర్. నేడు ఎన్నడూ లేనంత చవకగా దొరుకుతోంది. కేవలం ఇంట్లో ఫొటోల కోసమైతే కొననే వద్దు. ఫోనులో ఉన్నవాటిలో మంచివి యాభై ఏరి, కాగితం మీద అచ్చు వేయించుకుంటే చాలు. ఫోను పోతే ఫొటోలూ పోతాయి. అచ్చు వేసిన ఫొటో గోడ మీద ఉంటుంది.

పెళ్లివారికీ ఒక మాట. ఫొటోగ్రాఫర్‌ను కుదుర్చుకునేటప్పుడు కెమెరా ఎంత పెద్దదో అడగడం మాని, ఫొటోలు రెండుచోట్ల దాస్తావా, ఎన్ని రోజుల్లో ఆల్బమ్ ఇస్తావు, నిరుడు రాత్రి ముహూర్తానికి తీసిన ఆల్బమ్ ఒకటి చూపించు అని అడగాలి. పెళ్లివారు ఇలా అడగడం మొదలుపెడితే, కెమెరా పరిమాణం కోసం అప్పు చేయవలసిన అవసరం ఊళ్లోని కుర్రవాళ్లకు తప్పుతుంది.